నియంత పక్కన ఉన్నవాళ్ల మీద డాక్యుమెంటరీలు: నాలుగు శనివారాలు, ఏవి వేద్దాం?

కపిలతీర్థం | శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక కాలేజీలో చరిత్ర, జర్నలిజం పీజీ పిల్లల కోసం నాలుగు శనివారాలు డాక్యుమెంటరీలు వేయాలనుకుంటున్నాం. నియంత మీద కాదు, పక్కన కూర్చున్నవాళ్ల మీద. చెప్పింది రాసుకున్న కార్యదర్శి, లెక్కలు చూసిన మంత్రి, వెనకాల నిలబడ్డ సహాయకాధికారి, ఇలాంటివాళ్లు. సాయంత్రం 5 నుంచి 8 దాకా హాలు మనది. సినిమా పోగా చర్చకు కనీసం 45 నిమిషాలు మిగలాలి. తెలుగు సబ్‌టైటిల్స్ మేమే చేసుకుంటాం. ఏవి వేయాలి, ఏ వరసలో వేయాలి, పిల్లలకు ముందే ఏం చెప్పి కూర్చోబెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ఎయిర్ బైపాస్ | రాత్రి 9:05

పెరటాశి శనివారాలు, తిరుమలకు జనం పోటెత్తే రోజులు, మాత్రం పెట్టుకోవద్దు సామీ. పుత్తూరు, చిత్తూరు నుంచి వచ్చే పిల్లలకు బస్సులో నిలబడే చోటు కూడా దొరకదు. ఇంకో మాట, ఎవరితో మొదలుపెట్టినా హిట్లర్ మంత్రి స్పీర్‌తో పెట్టొద్దు. భలే మాటకారి. మొదటి వారమే సగం మంది ఆయన పార్టీ అయిపోతారు.

చంద్రగిరి కోట | రాత్రి 9:50

స్పీర్‌ను మొదట వేయకూడదన్నది నిజమే. అలాగని తీసేయకూడదు, మూడో వారానికి జరపాలి. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

ఆల్బర్ట్ స్పీర్ మొదట హిట్లర్ ఆర్కిటెక్టు. 1942 ఫిబ్రవరి 8న ఫ్రిట్జ్ టాట్ విమాన ప్రమాదంలో పోతే ఆయన కుర్చీలో ఆయుధాల మంత్రిగా కూర్చున్నాడు. యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్ విచారణలో 20 ఏళ్ల శిక్ష పడింది. 1966 అక్టోబర్ 1న స్పాండౌ జైలు నుంచి బయటికొచ్చాడు, 1969లో జ్ఞాపకాలు అచ్చు వేశాడు. అక్కడి నుంచి అడిగినవాళ్లకు లేదనకుండా కెమెరా ముందు కూర్చున్నాడు. 1981 సెప్టెంబర్ 1న లండన్‌లో చనిపోయాడు, ఆ ప్రయాణం కూడా బీబీసీ ఇంటర్వ్యూ కోసమే. 1973 నాటి బ్రిటిష్ టీవీ సిరీస్ 'ది వరల్డ్ ఎట్ వార్'లో ఉన్నాడు, మార్సెల్ ఓఫుల్స్ తీసిన 'ది మెమరీ ఆఫ్ జస్టిస్'లో ఉన్నాడు. మంచి ఇంగ్లీషు, తొణకని గొంతు. హిట్లర్ బల్ల దగ్గర కూర్చున్నవాడు ఇంత మర్యాదగా మాట్లాడుతుంటే ఏ దర్శకుడికైనా కత్తెర ఆడదు.

ఆయన పద్ధతి ఎక్కడ చూసినా ఒకటే. మొత్తం ప్రభుత్వం చేసినదానికి బాధ్యత నాది కూడా అంటాడు. ఫలానా పని నీకు తెలుసా అని అడిగితే మాత్రం, తెలుసుకోవాల్సింది కానీ తెలుసుకోలేదు అంటాడు. మొత్తం మీద దోషం ఒప్పుకుని, విడివిడిగా ఒక్కొక్కటీ తోసేస్తాడన్నమాట. ఇంటర్వ్యూ చేసేవాడి చేతిలో కాగితం లేకపోతే అక్కడితో ప్రశ్న ఆగిపోతుంది.

అందుకని పిల్లల చేతికి ముందే మూడు విషయాలు ఇవ్వండి.

మొదటిది పోజెన్, ఇప్పటి పోలండ్‌లోని ఊరు. 1943 అక్టోబర్ 6న నాజీ పార్టీ పెద్దలందరినీ కూర్చోబెట్టి ఎస్.ఎస్. దళాల అధిపతి హిమ్లర్ యూదుల నిర్మూలన గురించి దాపరికం లేకుండా మాట్లాడాడు. ఆ ప్రసంగ పాఠంలో స్పీర్‌ను పేరు పెట్టి ఉద్దేశించిన చోటు ఉంది. తను ఉదయం మాట్లాడి ముందే వెళ్లిపోయానని స్పీర్ బతికున్నన్నాళ్లూ వాదించాడు. కానీ 1971 డిసెంబర్‌లో బెల్జియం ప్రతిఘటన యోధుడి భార్య ఎలెన్ జాంతీకి రాసిన ఉత్తరంలో అక్కడ ఉన్నానని తనే ఒప్పుకున్నాడు. ఆ ఉత్తరం 2007లో బయటపడింది. రెండోది మిట్టెల్‌బావ్ డోరా: వీ-2 రాకెట్ల కోసం ఖైదీలతో సొరంగాల్లో పని చేయించిన చోటు. 1943 డిసెంబర్ 10న స్వయంగా వెళ్లి చూశాడు. మూడోది ఆయన కార్యాలయ దినచర్య పుస్తకం. బెర్లిన్‌లో యూదుల ఇళ్లు ఖాళీ చేయించిన సంగతులు తీసేసి, మిత్రుడు రుడాల్ఫ్ వోల్టర్స్ శుభ్రం చేసిన ప్రతిని స్పీర్ జర్మన్ జాతీయ ఆర్కైవ్స్‌కు ఇచ్చాడు.

పాత డాక్యుమెంటరీలకు ఆ ఉత్తరం అందుబాటులో లేదు. కాబట్టి 1973 నాటి సినిమా చూసేటప్పుడు, ఈ షాట్ తీసేనాటికి దర్శకుడికి తెలిసిందెంత అన్న ప్రశ్న పక్కనే ఉండాలి.

ఎయిర్ బైపాస్ | రాత్రి 10:12

అన్నా, వనెస్సా లాపా తీసిన 'స్పీర్ గోస్ టు హాలీవుడ్' వదిలేశావే? 1970ల మొదట్లో ఆయన జ్ఞాపకాలను సినిమా చేద్దామని ఆండ్రూ బర్కిన్ కూర్చుని రికార్డు చేసిన సంభాషణలు కదా అవి.

చంద్రగిరి కోట | రాత్రి 10:30

కావాలనే వదిలేశాను. అందులో మనకు వినబడేది అసలు టేపుల్లోని గొంతులు కాదు, నటులతో మళ్లీ చెప్పించినవి. బర్కిన్ కూడా ఆ సినిమా మీద బహిరంగంగానే అభ్యంతరం చెప్పాడు. తొలిసారి చూసే పిల్లలు అది స్పీర్ గొంతే అనుకుంటారు. చర్చ కోసం పది నిమిషాల ముక్క వేయండి, పూర్తిగా వద్దు.

స్వర్ణముఖి | ఆదివారం ఉదయం 7:15

మాటల సంగతి కోట అన్న చెప్పాడు కాబట్టి నేను బొమ్మల సంగతి చెప్తాను. ఈ సినిమాల్లో చుట్టూ ఉన్నవాళ్లు కనిపించే పాత రీళ్లను ఎవరు తీశారన్నది ముందు చూడాలి.

నాజీల కోసం ప్రచార చిత్రాలు తీసిన లెనీ రీఫెన్‌స్టాల్ 1933 న్యూరెంబర్గ్ పార్టీ సభ మీద 'విక్టరీ ఆఫ్ ఫెయిత్' తీసింది. అందులో హిట్లర్ పక్కన సమానస్థాయిలో నడిచేది పార్టీ సొంత సేన ఎస్.ఏ.కు అధిపతి ఎర్నెస్ట్ రోమ్. 1934 జూన్ 30న మొదలైన ఊచకోతలో రోమ్‌ను చంపించారు. ఆ తర్వాత ఆ సినిమా ప్రతులు వెనక్కి తీసుకుని నాశనం చేశారు. దశాబ్దాల తర్వాత మిగిలిన ప్రతి ఒకటి బయటపడబట్టి మనం చూడగలుగుతున్నాం. 1934 సెప్టెంబర్ సభ మీద తీసి 1935లో విడుదల చేసిన 'ట్రయంఫ్ ఆఫ్ ది విల్'లో అదే స్మారకం దగ్గరికి హిట్లర్, హిమ్లర్, కొత్త ఎస్.ఏ. అధిపతి విక్టర్ లూట్సే నడుస్తారు. ఈ రెండు నడకలూ పక్కపక్కన రెండు కిటికీల్లో వేయండి. హిట్లర్‌కూ మిగతావాళ్లకూ మధ్య ఎన్ని అడుగుల దూరం ఉందో, కెమెరా ఏ ఎత్తులో ఉందో పిల్లల్నే చెప్పమనండి. ఏడాదిలో ఏం మారిందో ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

అదే 1935 సినిమాలో నాయకులు ఒక్కొక్కరూ తెర మీద పేరు పడి ఒకటి రెండు వాక్యాలు మాట్లాడి పోతారు. అందులో కొన్ని ప్రసంగాలు తర్వాత స్టూడియోలో మళ్లీ తీసినవని స్పీర్ తన పుస్తకంలో రాశాడు, రీఫెన్‌స్టాల్ కాదంది. స్పీర్ మాట ఎంతవరకు నమ్మాలన్నది మళ్లీ మొదటికొస్తుంది, అది వేరే సంగతి.

హిట్లర్ కార్యదర్శి మార్టిన్ బోర్మన్ మీద ఎవరు డాక్యుమెంటరీ తీసినా అవే కొద్ది షాట్లు తిరుగుతుంటాయి. ఆయన కెమెరాకు ఎదురు పడేవాడు కాదు. ఫ్రేము అంచున, ఎవరి భుజం వెనకో ఉంటాడు. అందుకే సంపాదకులు ఆ అంచును పెద్దది చేసి, చుట్టూ గీత గీసి, నెమ్మదిగా తిప్పి, కింద గంభీరమైన సంగీతం పెడతారు. ఆ కుట్ర భావం బోర్మన్ మొహంలో లేదు, ఎడిటింగ్ బల్ల మీద పుట్టింది.

హిట్లర్ ప్రియురాలు ఇవా బ్రౌన్ తీసిన 16 ఎం.ఎం. రంగుల రీళ్లు అమెరికా సైన్యానికి దొరికి, ఇప్పుడు వాళ్ల నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. హిట్లర్ కొండ ఇల్లు బెర్గ్‌హోఫ్ డాబా మీద పిల్లలు, కుక్కలు, ఎండ, నవ్వులు. శబ్దం లేదు. 1973లో ఫిలిప్ మోరా 'స్వస్తిక'లో పెదవుల కదలిక చదివించి మాటలు అతికించారు. ఆ మాటలు ఊహే. మొదట శబ్దం లేకుండా వేసి, తర్వాత అదే ముక్క మాటలతో వేస్తే తేడా తెలుస్తుంది.

తప్పుగా తిరిగే ఒక షాట్ గురించి కూడా. చాన్సలరీ తోటలో హిట్లర్ కుర్రాళ్ల బుగ్గలు తట్టి పతకాలు ఇచ్చే దృశ్యం, పక్కన హిట్లర్ యూత్ అధిపతి ఆర్తుర్ ఆక్స్‌మన్. చాలా సినిమాలు దాన్ని 1945 ఏప్రిల్ 20, చివరి పుట్టినరోజు అని వేస్తాయి. అది మార్చి 20న తీసింది. అదే నెలలో వార్తాచిత్రంలో వచ్చేసింది. ఏ సినిమా అయినా ఇక్కడ ఏప్రిల్ అని చెప్తే మిగతా తేదీలు కూడా సరిచూసుకోండి.

పుత్తూరు జంక్షన్ | ఆదివారం ఉదయం 10:20

అక్కా, ఆ పాత రీళ్లలో మనుషులు బొమ్మల్లా గబగబా నడవడం గురించి కూడా చెప్పాలి. సెకనుకు 16 ఫ్రేములతో తీసినదాన్ని 24తో ఆడిస్తే ఒకటిన్నర రెట్లు వేగం వస్తుంది, పది నిమిషాల రీలు 6 నిమిషాల 40 సెకన్లలో అయిపోతుంది. 16 ఎం.ఎం.లో అడుగుకు 40 ఫ్రేములు. అంటే 100 అడుగుల రీలు 16 ఫ్రేముల లెక్కన 4 నిమిషాల 10 సెకన్లు రావాలి. ఇంటర్నెట్‌లో దొరికిన ముక్క అంతకంటే బాగా పొట్టిగా ఉంటే ఎవరో వేగం మార్చారనో, కోశారనో అనుమానించండి. గబగబా నడిచే హిట్లర్ వైమానిక దళాధిపతి గోరింగ్‌ను చూసి పిల్లలు నవ్వుతారు, ఆ నవ్వు గోరింగ్ సంపాదించుకున్నది కాదు.

సబ్‌టైటిల్స్ సంగతి:

ఫైలు యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లోనే సేవ్ చేయండి. లేకపోతే తెలుగు బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. టీవీకి పెన్‌డ్రైవ్ గుచ్చి ఆడిస్తే ఒత్తులు విడిపోతాయి, లేదా డబ్బాలు కనబడతాయి, ఎందుకంటే చాలా టీవీల్లో తెలుగు ఫాంటే ఉండదు. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో సబ్‌టైటిల్‌ను బొమ్మలోకే ముద్రించేసి ఒకే ఫైలుగా తీసుకెళ్తే ఈ పంచాయితీ ఉండదు. ల్యాప్‌టాప్ నుంచి వీఎల్‌సీలో వేసేటట్టయితే నిర్మలా యూఐ గానీ నోటో శాన్స్ తెలుగు గానీ ఫాంటుగా ఎంచుకోండి. తెల్ల అక్షరం, నల్ల అంచు.

సబ్‌టైటిల్ మొదట్లో సరిపోయి, పోనుపోను వెనకబడుతుంటే ఫ్రేమ్ రేటు తేడా. 24తో చేసిన ఫైలును 25తో ఆడే యూరప్ ప్రతికి పెడితే గంటకు 2 నిమిషాల 24 సెకన్లు జారుతుంది. మొత్తాన్ని ముందుకో వెనక్కో జరిపితే లాభం లేదు. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేమ్ రేటు మార్చే మెనూ ఉంది, అక్కడ 24 నుంచి 25కి మార్చాలి. మొదటి మాట, చివరి మాట రెండూ కలిశాయో లేదో చూస్తే చాలు.

రెండు వరసలు మించొద్దు. ఒక్కో సబ్‌టైటిల్ ఆరేడు సెకన్లు దాటి నిలబడకూడదు. మాట్లాడే మనిషి పేరు తెర కింద పడే క్షణంలో మన అక్షరాలు దాని మీద ఎక్కుతాయి, ఆ ఒక్కదాన్ని పైకి జరపాలి. అన్నిటికంటే ముఖ్యం: మనిషి ఆగితే సబ్‌టైటిల్ కూడా పోవాలి. సాక్షి నాలుగు సెకన్లు మౌనంగా ఉన్నప్పుడు కింద పాత వాక్యం వేలాడుతుంటే ప్రేక్షకుడి కళ్లు అక్కడే ఉండిపోతాయి, మొహం చూడరు.

మదనపల్లె రోడ్డు | ఆదివారం మధ్యాహ్నం 1:30

ఆ చివరి సలహా 'బ్లైండ్ స్పాట్'కు సరిగ్గా సరిపోతుంది. మొదటి వారం దాన్నే వేయమంటాను. ట్రౌడ్ల్ యుంగె 1942 చివర్లో హిట్లర్ దగ్గర కార్యదర్శిగా చేరింది. 1945 ఏప్రిల్ 28 రాత్రి దాటాక ఆయన వీలునామా డిక్టేషన్ రాసుకున్నది ఆమే. ఆంద్రే హెల్లర్, ఒత్మార్ ష్మీడెరర్ తీసిన ఆ 90 నిమిషాల సినిమాలో పాత రీలు ఒక్కటి లేదు, సంగీతం లేదు. ఒక ఆడమనిషి కూర్చుని మాట్లాడుతుంది. మధ్యలో తన ఇంటర్వ్యూనే తెర మీద చూసి, అలా కాదు ఇలా అని తనే సవరించుకుంటుంది. ఆ సవరణలు ఎక్కడ వస్తాయో పిల్లల్ని రాసుకోమనండి. 2002 ఫిబ్రవరిలో బెర్లిన్ ఉత్సవంలో సినిమా వేసిన కొద్ది గంటల్లోనే ఆమె చనిపోయింది.

బంకర్‌లో భోజనాలు, కుక్క చేసే విన్యాసాలు, హిట్లర్ మర్యాద గురించి చెప్పేటప్పుడు ఎక్కడా తడుముకోదు. తన వయసు గురించి చెప్పేచోట గొంతు మారుతుంది. మ్యూనిక్‌లో నాజీలను ఎదిరించిన విద్యార్థిని సోఫీ షోల్ జ్ఞాపక ఫలకం చూసి, తన ఈడు పిల్లే అనీ, తను హిట్లర్ దగ్గర చేరిన కాలంలోనే ఆమెకు మరణశిక్ష వేశారనీ గ్రహించిన సంగతి చెప్తుంది. చిన్నపిల్లను, తెలియదు అన్న సాకు అక్కడ ఆమె చేతిలోంచే జారిపోతుంది. దర్శకుడు ఒక్క ప్రశ్న కూడా గట్టిగా అడగలేదు.

దానికి జోడీ 2016 నాటి 'ఎ జర్మన్ లైఫ్', 113 నిమిషాలు. హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ కార్యాలయంలో టైపిస్టు బ్రూన్‌హిల్డే పోమ్సెల్. 2017 జనవరిలో 106 ఏళ్ల వయసులో పోయింది. నలుపు తెలుపు, మొహం మీద ముడతలన్నీ లెక్కపెట్టగలిగేంత దగ్గరగా కెమెరా. ఇక్కడ మాత్రం ఆమె మాటల మధ్య అప్పటి ప్రచార చిత్రాలు, శిబిరాల దృశ్యాలు వ్యాఖ్యానం లేకుండా వస్తాయి. నాకేం తెలియదు అని ఆమె అన్న వెంటనే ఏ ముక్క పడిందో గమనించాలి. ఒక సినిమా సాక్షిని ఒంటరిగా వదిలేసింది, ఇంకొకటి పక్కన సాక్ష్యం పెట్టింది.

ఎయిర్ బైపాస్ | ఆదివారం మధ్యాహ్నం 2:05

రెండూ కలిపి 203 నిమిషాలు. హాలు 180 నిమిషాలే.

మదనపల్లె రోడ్డు | ఆదివారం మధ్యాహ్నం 2:20

ఒకే రోజు కాదన్నా. యుంగె పూర్తిగా మొదటి వారం. పోమ్సెల్ నుంచి 40 నిమిషాలు రెండో వారం, స్వర్ణముఖి అక్క చెప్పిన రీళ్లతో కలిపి. అలా వేస్తే ప్రచార చిత్రాలు ఎలా తయారయ్యాయో చూసినరోజే ప్రచార మంత్రి ఆఫీసులో టైపు చేసిన మనిషిని వింటారు.

కార్వేటినగరం | ఆదివారం రాత్రి 8:00

అన్నీ జర్మనీయేనా? చూసినవాళ్లు అది వాళ్ల జబ్బు అనుకుని ఇంటికెళ్తారు. నాలుగో వారం బయటికి రండి.

ఉగాండా నియంత ఇదీ అమిన్ మీద బార్బె ష్రోడర్ 1974లో తీసిన సినిమాలో మంత్రివర్గ సమావేశం ఉంది. చుట్టూ ఉన్నవాళ్లను చూడటానికి ఇంతకంటే మంచి పది నిమిషాలు నాకు తెలియదు. అమిన్ మాట్లాడుతుంటాడు, మంత్రులు తలలు వంచుకుని నోట్సు రాసుకుంటుంటారు. కెమెరామన్ నెస్టర్ అల్మెంద్రోస్ అమిన్‌ను వదిలి వాళ్ల మొహాల మీదికి పోతాడు. అమిన్ విదేశాంగ మంత్రిని మందలిస్తాడు. రెండు వారాల తర్వాత ఆయన శవం నైలు నదిలో దొరికిందని వ్యాఖ్యానం చెప్తుంది. అది విన్నాక సీను వెనక్కి తిప్పి మళ్లీ వేయండి, ఈసారి శబ్దం తీసేసి. పెన్ను ఎవరు ఆపారు, ఎవరు ఆపలేదు, అంతే చూడాలి.

ఆ సినిమాకు అనుమతించింది అమినే, తన చిత్రపటం అనుకుని. తర్వాత నచ్చని భాగాలు కోయించడానికి ఉగాండాలో ఉన్న ఫ్రెంచి పౌరులను హోటల్లో నిర్బంధించాడు. కోసిన రెండున్నర నిమిషాలు ఆయన పడిపోయాక మళ్లీ చేర్చారు. మీ దగ్గరున్న ప్రతి ఏదో చూసుకోండి. 1972లో 90 రోజుల గడువిచ్చి ఆసియావాళ్లను వెళ్లగొట్టింది ఈయనే, ఆ ముక్క ముందే చెప్తే మన పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

రెండోది రొమేనియా. ఆంద్రేయ్ ఉజికా 2010లో తీసిన 'ది ఆటోబయోగ్రఫీ ఆఫ్ నికొలాయ్ చౌషెస్కు' మూడు గంటలు, వ్యాఖ్యానం ఒక్క మాట లేదు, అంతా ప్రభుత్వ కెమెరాలు తీసిందే. మూడు గంటలు వద్దు. 1979 మహాసభ భాగం వేయండి. 84 ఏళ్ల పాత కమ్యూనిస్టు పర్వులెస్కు లేచి చౌషెస్కుకు వ్యతిరేకంగా మాట్లాడతాడు. వెంటనే హాలంతా లేచి నాయకుడి పేరు జపిస్తుంది. పక్కనున్నవాళ్లు ఎంత తొందరగా లేచారో అదే అక్కడ పాఠం.

స్వర్ణముఖి | ఆదివారం రాత్రి 8:45

ఆ సినిమా మీద నాకు గౌరవమే, కానీ ఒక హెచ్చరిక. అందులో చాలా రీళ్లు మూగవి. అడుగుల చప్పుడు, చప్పట్లు, గాలి తర్వాత చేర్చినవే. హిమ్లర్ ఉత్తరాల మీద 2014లో లాపా తీసిన 'ది డీసెంట్ వన్'ను ఇదే పనికి విమర్శించారు. ఒకరిని తిట్టి ఒకరిని మెచ్చుకుంటే ఎలా?

కార్వేటినగరం | ఆదివారం రాత్రి 9:10

తేడా ఉంది అక్కా. 'ది డీసెంట్ వన్'లో చప్పుడు మనల్ని ఆ గదిలో కూర్చోబెట్టి నిజమని నమ్మిస్తుంది. ఉజికా చేర్చిన శబ్దం ప్రభుత్వ ఆడంబరాన్ని మరీ ఖాళీగా వినిపిస్తుంది, అక్కడక్కడా కావాలనే పూర్తిగా ఆపేస్తాడు.

స్వర్ణముఖి | ఆదివారం రాత్రి 9:25

అది నువ్వు దర్శకుడి ఉద్దేశం చదివావు కాబట్టి. రెండో బెంచీలో కూర్చున్న పిల్లవాడికి చప్పట్లంటే చప్పట్లే. వేయండి, కానీ ఏ శబ్దం అసలుది, ఏది చేర్చింది అన్నది ముందే బోర్డు మీద రాయండి. ఈ విషయంలో నేను తగ్గను.

చంద్రగిరి కోట | ఆదివారం రాత్రి 9:40

రాజీకి ఇంకో సినిమా: సెర్గేయ్ లోజ్నిత్సా 'స్టేట్ ఫ్యునరల్', 2019. స్టాలిన్ అంత్యక్రియలకు 1953 మార్చిలో తీసి, విడుదల కాకుండా మూలన పడ్డ రీళ్ల నుంచి చేసింది. మార్చి 9న లెనిన్ సమాధి మీద నిలబడి స్టాలిన్ అనుచరులు మాలెంకోవ్, బెరియా, మోలోటోవ్ వరసగా మాట్లాడతారు. ఆ పావుగంట చాలు. జూన్ 26న బెరియాను అరెస్టు చేశారు, డిసెంబర్ 23న కాల్చేశారు. గొంతు వణుకుతూ మాట్లాడిన మోలోటోవ్ భార్య పొలీనా అప్పటికింకా నిర్బంధంలోనే ఉంది, స్టాలిన్ చేయించిందే. ఈ మూడు సంగతులు చెప్పకుండా ఒకసారి, చెప్పి ఇంకోసారి వేయండి.

ఎయిర్ బైపాస్ | ఆదివారం రాత్రి 9:52

కంబోడియా ఎవరూ అనలేదు. 'ఎనిమీస్ ఆఫ్ ది పీపుల్'లో అక్కడి నియంత పోల్ పాట్ తర్వాతివాడు నువాన్ చియా దగ్గరికి జర్నలిస్టు థెట్ సాంబత్ ఏళ్ల తరబడి తిరిగి మాట్లాడించాడు. తన కుటుంబాన్ని ఆ పాలనే చంపిందని చివర్లో గానీ చెప్పలేదు. స్పీర్ పక్కన దీన్ని పెట్టి చూడండి, ఇంటర్వ్యూ చేసేవాడికి ఓపిక ఉంటే ఏం వస్తుందో తెలుస్తుంది.

మదనపల్లె రోడ్డు | ఆదివారం రాత్రి 10:05

మూడో వారానికి అదే సరైన జోడీ. 94 నిమిషాలు. 2007లో నువాన్ చియా అరెస్టయ్యాక ఆ టేపులు న్యాయస్థానం కోరింది, దర్శకులు ఇవ్వలేదు. జర్నలిజం పిల్లలకు ఇదొక్కటే గంట చర్చ. ముందే చెప్పి పెట్టుకోండి, 45 నిమిషాలు సరిపోవు.

కపిలతీర్థం | సోమవారం ఉదయం 6:50

అందరికీ దండాలు. ఇలా అనుకుంటున్నాం. మొదటి వారం యుంగె పూర్తిగా. రెండో వారం 1933, 1934 నడకలు, బెర్గ్‌హోఫ్ రీళ్లు, పోమ్సెల్ 40 నిమిషాలు. మూడో వారం స్పీర్ ఇంటర్వ్యూ ముక్కలు 20 నిమిషాలు, కోట అన్న చెప్పిన మూడు కాగితాలతో, తర్వాత కంబోడియా. నాలుగో వారం అమిన్ మంత్రివర్గం, పర్వులెస్కు, సమాధి మీది ప్రసంగాలు. దీపావళి దాటాకే పెడతాం. ఊళ్లోవాళ్లను కూడా పిలవమని కొందరు అడుగుతున్నారు, పిలవొచ్చా?

చంద్రగిరి కోట | సోమవారం ఉదయం 7:30

పిలవొద్దు. కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(జె) ఇచ్చే మినహాయింపు విద్యాసంస్థ కార్యక్రమంలో భాగంగా వేసే ప్రదర్శనకే. ప్రేక్షకులు సిబ్బంది, విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సంస్థ పనితో సంబంధం ఉన్నవాళ్లు అయి ఉండాలి. గేటు దగ్గర ఐడీ కార్డు చూడండి, పోస్టర్ ఊళ్లో అంటించొద్దు. అందరినీ పిలవాలంటే హక్కుదారుల అనుమతి, సెన్సారు సంగతి రెండూ తేల్చుకోవాలి.

పుత్తూరు జంక్షన్ | సోమవారం ఉదయం 8:10

మూడో వారం 20 ప్లస్ 94, 114 నిమిషాలు. చర్చకు 66 మిగుల్తాయి, సరిపోయింది. సాయంత్రం 5కి పడమటి కిటికీల నుంచి ఎండ తెర మీద పడుతుంది, పోమ్సెల్ నలుపు తెలుపు దగ్గర మొహం సగం కనబడదు. నల్లగుడ్డ ముందురోజే కట్టించండి. నడకల పోలికకు రెండు కిటికీలు ఒకేసారి ఆడిస్తే పాత ల్యాప్‌టాప్ తడబడుతుంది, రెండు ముక్కల్నీ ముందే పక్కపక్కన అతికించి ఒక ఫైలు చేసి పంపిస్తాను. 1933 ప్రతి ఏ ఫ్రేమ్ రేటులో ఉందో చెప్పండి చాలు.